మౌనం అర్ధాంగీకారమేనా?

"మౌనం అర్ధాంగీకారం" అని మనలో ఒక మాట ఉంది. పెళ్ళిచూపుల్లో పిల్ల తలవంచుకుని ఊరుకుంటే ఇష్టమేనని పెద్దలు తీర్మానించుకునే రోజుల్లో ఈ మాట బాగా అక్కరకు వచ్చింది. పిల్ల మనసులో ఏముందో అడిగి తెలుసుకునే శ్రమ తప్పింది. పెళ్ళయిన తరువాత కూడా మనకు ఆ అలవాటు పోలేదు. ఆలుమగల్లో ఒకరు మాట మానేస్తే రెండోవారు ఆ మౌనానికి తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు. "ఒప్పుకున్నట్టే" అని ఒకరు, "అలిగింది" అని ఇంకొకరు, "నేనంటే ఇష్టం పోయింది" అని మరొకరు. మౌనానికి నిఘంటువు లేదు గనుక ఎవరి భయాన్ని బట్టి వారికి అర్థం దొరుకుతుంది.

అయితే ఈ అర్థాలలో ఏదీ సరిపోని మౌనం ఒకటి ఉంది. డాక్టర్లు డిప్రెషన్ అంటారు, తెలుగులో కుంగుబాటు అంటున్నాం. ఆ వ్యాధి పట్టిన మనిషి ముభావంగా కూర్చున్నప్పుడు అందులో అంగీకారమూ ఉండకపోవచ్చు, కోపమూ ఉండకపోవచ్చు. మాట పైకి రావడానికి కావలసిన సత్తువే ఉండదు. అలాంటప్పుడు భార్యాభర్తలు ఒకరికొకరు ఏమి బాకీ? జబ్బుపడిన వారి మౌనాన్ని రెండోవారు ఎంతవరకు భరించాలి? జబ్బు పేరు చెప్పి మాట ఎగవేయవచ్చునా? ఈ ప్రశ్నలకు మందుల చీటీలో సమాధానం దొరకదు. ఇవి ధర్మాధర్మాలకు సంబంధించిన ప్రశ్నలు.

యాంగోన్‌లో కాపురం ఉంటున్న మన కుటుంబాలకు ఇవి మరీ దగ్గరి ప్రశ్నలు. మన ఊళ్ళో అయితే ఇంట్లో మాట కరువైనా వీధిలో దొరుకుతుంది. పిన్ని వస్తుంది, పక్కింటి అక్కయ్యగారు కూరగిన్నెతో వస్తారు, తమ్ముడు ఊరికే వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ భార్యకు భర్తే పుట్టిల్లు, భర్తకు భార్యే స్నేహితుడు. ఉద్యోగం ఒకరికి ఉంటుంది. ఆ ఉద్యోగం వెంట వచ్చినవారి డిగ్రీలు పెట్టె అడుగున ఉంటాయి. జ్యేష్ఠం నుంచి ఆశ్వయుజం దాకా ముసురు, కరెంటు కోతలు, పిల్లల చదువు ఎక్కడన్న బెంగ, ఊళ్ళో పరిస్థితులు ఎటు తిరుగుతాయోనన్న దిగులు. ఇన్ని బరువులూ మోయవలసింది ఇద్దరే. అందులో ఒకరు చతికిలబడితే రెండోవారి సంగతి ఏమిటి?

ఇక్కడికి మనకంటే ముందు వచ్చినవారిని ఒకసారి తలుచుకుందాం. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడ డెక్కు మీద కూర్చుని మేస్త్రీల వెంట "రంగం" వచ్చిన మన కూలీలను ఇక్కడ కోరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నర వరకు ఉన్నారు. వారిలో ఆడవారు బహు కొద్దిమంది. అంటే ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ ఎన్నో వేల ఇళ్ళల్లో భార్య అక్కడ, భర్త ఇక్కడ. ఇద్దరికీ చదువు రాదు. ఎవరి చేతనో రాయించిన ఉత్తరం, ఎప్పుడో వచ్చే మనియార్డరు, అంతే. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూన్ మీద పడ్డాక ఆ కాస్తా తెగిపోయింది. నెలల తరబడి కబురు లేదు. లక్షలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలో వేలమంది రాలిపోయారు. మళ్ళీ 1964లో వ్యాపారాలు జాతీయం అయినప్పుడు ఉన్నదంతా వదిలి ఓడలెక్కిన వారున్నారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు పేరు మనలో చాలామందికి తెలుసు.

ఆ భార్యాభర్తల మధ్య మౌనానికి బంగాళాఖాతం అడ్డు. ఉత్తరం రాకపోతే "ఓడ ఆలస్యమైంది కాబోలు" అనుకునే వీలుండేది. మన మధ్య సముద్రం లేదు. ఒకే సోఫా, ఒకే మంచం, ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. అందువల్లే మన మౌనం ఎక్కువ బాధిస్తుంది. తప్పు మోపడానికి ఓడ దొరకదు గనుక ఎదుటి మనిషి మీదే మోపుతాం.

మోపే ముందు రెండు రకాల మౌనాలను వేరు చేసి చూడాలి. ఒకటి అలక. మన సాహిత్యంలో అలకకు పెద్దపీట వేశారు. పారిజాత పుష్పం రుక్మిణికి దక్కిందని సత్యభామ అలిగిన కథను నంది తిమ్మన "పారిజాతాపహరణం"గా రాశాడు. శ్రీకృష్ణదేవరాయలకూ రాణికీ మధ్య మాటలు ఆగిపోతే వారిని కలపడానికే ఆ కావ్యం రాశాడని ఒక కథ చెబుతారు. దశరథుని అంతఃపురంలో కోపగృహమని ఒక గదే ఉంది. పెళ్ళిలో అలకపాన్పు ఒక ముచ్చట. అలిగిన మనిషికి ఏదో కావాలి. తలుపు వేసుకున్నా చెవి తలుపు దగ్గరే ఉంటుంది. ఎవరైనా వచ్చి బతిమాలతారని ఎదురుచూస్తుంది. ఈ దేశంలో రాజుల కాలంలో తగవు తీరాక ఇరుపక్షాలూ కలిసి లఫెత్ తింటే తీర్పు ఒప్పుకున్నట్టు లెక్క. అలకకు అలాంటి లఫెత్ ఏదో ఒకటి ఉంటుంది: ఒక చీర, ఒక సినిమా, ఒక క్షమాపణ.

రెండోది కుంగుబాటు మౌనం. దానికి ఏమీ అక్కరలేదు. అది ఎవరికోసమూ ఎదురుచూడదు. తలుపు తీసే ఉంటుంది, లోపలి మనిషికి లేచి రావాలని ఉండదు. బతిమాలితే ఇంకా ముడుచుకుపోతుంది. "వీరిని ఇంత కష్టపెడుతున్నానే" అన్న బాధ మరొకటి తోడవుతుంది. మన ఇళ్ళల్లో కోపానికి గది ఉంది గానీ విచారానికి గది లేదు. అందుచేత విచారాన్ని కూడా కోపం గదిలోనే పడేసి, అలక తీర్చే ఉపాయాలన్నీ దాని మీద ప్రయోగిస్తాం. పని చేయకపోయేసరికి మనకే కోపం వస్తుంది.

ఈ రెండో మౌనం మన ఆడవారికి కొత్తది కాదు. ఊర్మిళాదేవి నిద్ర పాట వినని ఇల్లు ఒకప్పుడు కోస్తాలో అరుదు. భర్త అడవికి వెళ్ళగానే ఆమె పద్నాలుగేళ్ళు నిద్రలోకి జారిపోయింది. లక్ష్మణుడు తిరిగి వచ్చి పక్కన కూర్చుంటే ఆమె ఆనవాలు పట్టలేదు. ఎవరో పరాయి మగవాడు వచ్చాడనుకుని మందలించింది. ఎంతో ఆశతో ఇల్లు చేరిన భర్తకు అది ఎంత పెద్ద దెబ్బ! అయినా అతడు "పద్నాలుగేళ్ళకు వస్తే ఇదా మర్యాద" అని తిరిగి పోలేదు. తానెవరో చెప్పుకున్నాడు. ఆమె మెలకువలోకి రావడానికి ఆ మాట ఆసరా అయింది. ఈ పాట కట్టినవారు వైద్యశాస్త్రం చదివి ఉండరు. మనిషి ఎదుటే ఉండి కూడా అందకపోవడమంటే ఏమిటో వారికి తెలుసు, అప్పుడు చేయవలసినది ఏమిటో కూడా తెలుసు.

ఇప్పుడు వైద్యులు చెప్పేది చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పెద్దవారిలో వందకు సుమారు అయిదుగురికి కుంగుబాటు ఉంటుంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. రెండు వారాలకు మించి, దాదాపు రోజంతా, మనసు బరువుగా ఉండటం గానీ, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం గానీ దీని ముఖ్య లక్షణం. దానితోపాటు నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి తగ్గడం, విపరీతమైన నీరసం, చిన్న విషయానికీ నిర్ణయం తోచకపోవడం, "నావల్లే అంతా పాడైంది" అన్న భావన, చావు తలపులు. దాంపత్య సుఖం మీద కోరిక కూడా పోతుంది. దాన్ని రెండోవారు ప్రేమ పోయిందనుకుంటారు. మనవాళ్ళు మనసు బాగాలేదని డాక్టరుకు చెప్పరు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, గ్యాస్ అని చెబుతారు. మగవారిలో ఇది తరచు చిరాకుగా, తాగుడుగా బయటపడుతుంది. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా దాదాపు ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి గనుక ముందు ఆ పరీక్షలు చేయించడం మంచిది.

ఈ వ్యాధి ఇద్దరి మధ్య మాటను ఎలా తినేస్తుందో తెలియాలంటే ఒక ఇల్లు ఊహించుకోండి. ఆయన కంపెనీలో లెక్కలు చూస్తారు. ఆమె ఊళ్ళో ఉండగా కాలేజీలో పాఠాలు చెప్పింది, ఇక్కడ ఇల్లే లోకం. కొన్నాళ్ళుగా ఆమె అమ్మకు ఫోను చేయడం మానేసింది. మొక్కలకు నీళ్ళు పోయడం మానేసింది. ఆయన అడుగుతారు:

"ఏమైంది నీకు?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఆ మొహం ఏమిటి?"

"తలనొప్పిగా ఉంది."

మొదటి వారం మాత్ర తెచ్చిస్తారు. రెండో వారం గుడికి తీసుకువెళతారు. మూడో వారం "నీకేం తక్కువ చేశాను?" అంటారు. ఆ తరువాత అడగడం మానేసి ఆఫీసులో ఆలస్యంగా కూర్చుంటారు. ఆమె దానికి అర్థం చెప్పుకుంటుంది: "నేనంటే విసుగు పుట్టింది. పుట్టదూ మరి!" ఇప్పుడు ఇంట్లో ఇద్దరూ మౌనమే. ఇద్దరిలో చెడ్డవారు ఎవరూ లేరు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కోయిన్ 1976లో ఈ చక్రాన్నే వర్ణించాడు. కుంగిన మనిషి భరోసా కోరుకుంటాడు, దొరికితే నమ్మలేడు, మళ్ళీ కోరుకుంటాడు. చుట్టూ ఉన్నవారు పైకి ఓదార్పు మాటలే చెబుతూ లోలోపల విసిగిపోతారు. పైమాటకూ లోపలి విసుగుకూ ఉన్న తేడాను కుంగిన మనిషి ఇట్టే కనిపెట్టి మరింత కుంగుతాడు. 1978లో జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీలను పరిశీలించి పుస్తకం ప్రకటించారు. కష్టం వచ్చినప్పుడు మనసు విప్పి చెప్పుకునే భర్తో ఆప్తుడో లేని స్త్రీలు కుంగుబాటులో పడే అవకాశం బాగా ఎక్కువని వారు చూపారు. ఇంటి బయట పని లేకపోవడం కూడా అందుకు తోడయ్యే కారణాలలో ఒకటన్నారు. పెట్టె అడుగున ఉన్న ఆ డిగ్రీలు ఇక్కడ గుర్తుకు రాక మానవు. 1989లో జిల్ హూలీ, జాన్ టీస్‌డేల్ కోలుకుని ఇళ్ళకు వెళ్ళిన రోగులను తొమ్మిది నెలలు గమనించారు. వ్యాధి ఎవరికి తిరగబెడుతుందో ముందుగా చెప్పడానికి అన్నిటికంటే బాగా పనికొచ్చినది ఒక చిన్న ప్రశ్న: "మీ భర్త (లేక భార్య) మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు?" ఎక్కువ తప్పుపడతారని చెప్పినవారికే ఎక్కువగా తిరగబెట్టింది. మన దెప్పిపొడుపులకు అంత బలం ఉందన్నమాట.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. "సరే, అది వ్యాధే. అయితే వ్యాధిగ్రస్తులు ఏం చేసినా పడాలా? ఆరోగ్యంగా ఉన్నవారిది ప్రాణం కాదా?" అని ఎవరైనా అడిగితే అది అన్యాయమైన ప్రశ్న కాదు. నెలల తరబడి గోడతో మాట్లాడినట్టు మాట్లాడే భర్త కూడా, ఏడుపు దిగమింగి పిల్లలను బడికి పంపే భార్య కూడా అలసిపోతారు. అలసట పాపం కాదు. అయితే ఆ అలసటను ఎవరి మీద తీర్చుకుంటామన్నది ధర్మం తేల్చవలసిన విషయం.

నా ఉద్దేశం ఇది. ఆరోగ్యంగా ఉన్నవారి మొదటి ధర్మం, ఆ మౌనాన్ని తమ మీద తీర్పుగా చదువుకోకపోవడం. టైఫాయిడ్ జ్వరంలో కలవరించిన మాటలకు ఎవరూ పట్టింపు పెట్టుకోరు. అలాగే ఈ జ్వరంలో రాని మాటలకు కూడా పట్టింపు పెట్టుకోరాదు. రెండో ధర్మం అడిగే తీరు మార్చుకోవడం. "ఏమైంది, ఎందుకిలా ఉన్నావు" అన్నది జవాబు లేని ప్రశ్న. జవాబు తెలిస్తే ఆమె ఎప్పుడో చెప్పేది. "కాసేపు పక్కన కూర్చోనా?" అన్నది తల ఊపితే చాలిన ప్రశ్న. మూడోది, తమ బాధను కూడా దాచకుండా, నింద లేకుండా చెప్పడం. "నువ్వు నన్ను పట్టించుకోవడం లేదు" అనడం వేరు, "నాకు దిగులుగా ఉంది, నీతో మాట్లాడక చాలా రోజులైంది" అనడం వేరు. మొదటిది పుండు మీద కారం. రెండోది నిజం. నిజాన్ని మింగి నవ్వు పులుముకుంటే కోయిన్ చెప్పిన విసుగే లోపల పేరుకుంటుంది.

జబ్బుపడినవారికీ ధర్మం ఉంది. అది చిన్నదే. శక్తిలో చిన్నది గనుకే దాన్ని అడగవచ్చు. "ఏం లేదు" అన్న అబద్ధాన్ని మానడం. దాని స్థానంలో "బాగాలేదు, ఎందుకో తెలియదు, మీ తప్పు కాదు" అన్న మూడు ముక్కలు చెప్పడం. నోటితో రాకపోతే కాగితం మీద రాసి పెట్టవచ్చు. సత్యభామ కూడా భామాకలాపంలో కృష్ణుడికి లేఖే పంపింది. ఆ మూడు ముక్కల వల్ల జబ్బు నయం కాదు. కానీ ఎదుటివారు చీకట్లో తడుముకునే బాధ తప్పుతుంది. వైద్యం చేయించుకోవడానికి ఒప్పుకోవడం కూడా ఇందులో భాగమే. ఒకరి చేయి అందుకోవలసిన సమయంలో చేయి ముడుచుకోవడానికి జబ్బు కొంతకాలం కారణం కావచ్చు, ఎల్లకాలం కాకూడదు.

దీనికి ఒక హద్దు ఉంది. కొట్టడానికి, తిట్టడానికి, పిల్లలను భయపెట్టడానికి ఏ వ్యాధీ అనుమతి ఇవ్వదు. "ఆయనకు మనసు బాగాలేదు, పడి ఉండు" అని ఆడపిల్లకు చెప్పే పెద్దలు ధర్మం చెప్పడం లేదు. అక్కడ ముందు చూడవలసినది ఆమె రక్షణ.

బర్మీయులకు "ఆనాదే" అనే ఒక మాట ఉంది. ఎదుటివారికి ఇబ్బంది కలుగుతుందేమోనన్న వెనుకాడటం. మన "మొహమాటం" అచ్చంగా అదే. ఇరుగుపొరుగుతో అది మంచి గుణం. ఆలుమగల మధ్య ఆ గుణమే గోడ అవుతుంది. "ఆయన అసలే అలసిపోయి వస్తారు, నా గోడు ఎందుకు" అని ఆమె, "దాన్ని కదిలిస్తే ఏడుస్తుంది, ఎందుకు" అని ఆయన. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూనే దూరమైపోతారు. ఏడుగులు నడిచిన తరువాత మొదట వదలవలసినది ఈ మొహమాటమే. ఏడో అడుగు స్నేహానికని పెద్దలు చెప్పారు గదా.

యాంగోన్ పాత బస్తీలో మేడల మీది వాటాల నుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతూ ఉంటాయి, చివర ఒక క్లిప్పు. కింద పేపరువాడు వచ్చి తాడు లాగితే పైన గంట మోగుతుంది. క్లిప్పుకు పేపరు తగిలించి పోతాడు. పైవారు తమకు వీలైనప్పుడు లాక్కుంటారు. కుంగిన మనిషితో మాట కూడా ఇలాగే సాగాలి. రోజూ ఒక చిన్న మాట తగిలించి రావాలి: టీ తాగుతావా, వాన తగ్గింది, మీ అమ్మగారు అడిగారు. జవాబు వెంటనే రాలేదని తాడు కోసేయకూడదు. అస్తమానం గంట మోగించకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మనకున్న జంకు గురించి ఒక మాట. ఇక్కడివారు "య్వాతాజీ" ఆసుపత్రి పేరును వెక్కిరింతగా వాడినట్టే మనం ఎర్రగడ్డ పేరును వాడతాం. ఆ వెక్కిరింత ఎంతమందిని వైద్యానికి దూరం చేసిందో లెక్క లేదు. కుంగుబాటు ఉన్నవారిలో ఎక్కువమందికి ఆసుపత్రిలో పడక అక్కరలేదు. మాటలతో చేసే చికిత్స, మందులు, లేదా రెండూ సరిపోతాయి. మందులు గుణం చూపడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుచేత వారం వాడి "పనిచేయలేదు" అని మానరాదు. గుణం కనిపించగానే సొంతంగా ఆపనూ రాదు. సందేహం వస్తే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. అడిగినందువల్ల గుండె బరువు దిగినవారే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఇండియాలో ఉన్న మనవారికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నెంబరులో తెలుగులోనే సలహా దొరుకుతుంది.

చివరిగా మనందరికీ వర్తించే విషయం ఒకటి. ఇద్దరే మోయలేని బరువును ఇద్దరి మీదే వదలడం కూడా అధర్మమే. నిరుడు ఉగాదికి వచ్చి ఈసారి రాని కుటుంబం ఉంటే "ఏమిటో పెద్దవాళ్ళయిపోయారు" అనుకోకుండా ఒకసారి వెళ్ళి రండి. సలహాలు పట్టుకుపోవద్దు. కాస్త పులిహోర పట్టుకువెళ్ళి, అరగంట కూర్చుని, పిల్లలను ఒక పూట మన ఇంటికి తీసుకువస్తామని అడగండి. అక్కడ చూసినది, విన్నది అక్కడే వదిలి రండి. వారు తలుపు తీసి ముభావంగా నిలబడితే, అది "రావద్దు" అన్నట్టు మాత్రం అనుకోకండి.